వదిన కొత్త కొలతలు

ఆగస్టు 4

కత్తెరమ్మకు,

మేం క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాను, ఎందుకంటే నీకు చిన్న జలుబు చేసినా ఈపాటికి ఊరంతా తెలిసేది. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని మొహం ముడుచుకోకు. ఫోన్లో నేను హలో అనేలోపు నువ్వు నాలుగు సంగతులు చెప్పి పెట్టేస్తావు. ఇది నిదానంగా చెప్పాల్సిన పని.

మీ అన్నయ్యకు ఓడరేవుకి బదిలీ అయి ఇక్కడికి వచ్చాక నేను సముద్రంలో ఈదుతున్నానని నీకు తెలుసు. ఆపరేషన్ తరవాత ఎడమ చెయ్యి సరిగ్గా లేవాలంటే ఈత మంచిదని డాక్టరు చెప్పిన రోజుల్లో మొదలైన ఈతే. ఇప్పుడది కాస్త ముదిరింది. సిలిండరూ గొట్టమూ ఏమీ లేకుండా, ఒక్క ఊపిరి తీసుకుని, ఒక తాడు వెంట తలకిందులుగా దిగి తిరిగి రావాలి. ఫ్రీడైవింగ్ అంటారు. తాడు చివర, పదహారు మీటర్ల లోతున, ఒక పళ్ళెం కట్టి ఉంటుంది. దాన్ని ముట్టుకుని వస్తే పాసయినట్టు. నేను తొమ్మిది దాకా వెళ్ళాను. నవ్వకు.

చిక్కేమిటంటే నీళ్ళు చల్లబడుతున్నాయి. మా కోచ్, నీ కూతురి వయసు పిల్ల, నిన్న నన్ను ఒడ్డున కూర్చోబెట్టింది. "ఆంటీ, మీరు వణుకుతున్నారు. వణికే ఒంట్లో ఊపిరి నిలవదు. ఒంటికి సరిపోయే సూటు తెచ్చుకునేదాకా నేను మిమ్మల్ని కిందికి పంపను" అంది. అద్దెకిచ్చే సూట్లు అన్నీ వేసి చూశాను. మెడ పట్టినది నడుము దగ్గర సంచీలా ఉంటుంది, నడుము పట్టినది గొంతు నొక్కుతుంది. పొడుగు, బరువు చూసి సైజు చెప్పే పట్టికలో నేను ఏ గడిలోనూ పడను. అక్టోబరు దాటితే మళ్ళీ వేసవి దాకా తాడు వెయ్యరు.

మీ ఫ్యాక్టరీ వెనక వీధిలో ఈ రబ్బరు సూట్లు చేసే ఆయన ఉన్నాడని ఆ మధ్య చెప్పావు. నాకొకటి చేయించి పంపగలవా? కొలతలు ఎలాగూ నీ దగ్గర ఉన్నవే.

ఒక్క మాట. ఆసుపత్రి నుంచి వచ్చాక ఈ ఒంటితో డాక్టర్లు చెప్పినవన్నీ చేశాను. నా అంతట నేను ఇష్టపడి చేస్తున్నది ఇదొక్కటే. అందుకని అడుగుతున్నాను.

మీ అన్నయ్య ఆశీస్సులు చెప్పమన్నాడు. చెప్పమనలేదు గాని నేనే చెబుతున్నాను.

ఇట్లు,
దుప్పటి కప్పుకుని రాస్తున్న
వదిన

ఆగస్టు 13

చేప వదినకు నమస్కారాలు.

మా అన్నయ్యతో ఇన్నేళ్ళు కాపురం చేసినదానివి, ఊపిరి బిగబట్టడం నీకు ఇంకొకరు నేర్పాలా? సరే, నేర్చుకో. పళ్ళెం కోసం సముద్రం అడుగుదాకా పోయే ఇల్లాలు మా వంశంలో నువ్వే మొదటిదానివి.

ఇక్కడ సెక్యూరిటీ గార్డుల యూనిఫారాలు నడుస్తున్నాయి. కటింగ్ టేబుల్ మీద రోజంతా ఖాకీయే. కళ్ళు మూసుకున్నా ఖాకీయే.

శనివారం రబ్బరాయన దగ్గరకి వెళ్ళాను. రేకుల షెడ్డు, లోపల నల్ల రబ్బరు చుట్టలు, జిగురు వాసనకి తల తిరుగుతుంది. ముక్కలు ముందు జిగురుతో అతికించి, తరవాత సూది సగం మందం దాకా మాత్రమే దిగేలా కుడతాడట, అవతలికి చిల్లు పడకుండా. ఆ పనితనం చూసి ముచ్చటేసింది. నోరు విప్పాక మాత్రం పోట్లాట అయింది.

నేను నీ కొలతల ఆది తీసుకెళ్ళాను. అదే, నా బీరువా తలుపుకి మేకున వేలాడే బ్రౌన్ పేపరు. నీ పెళ్ళయిన కొత్తలో కత్తిరించింది, నడుము దగ్గర రెండుసార్లు అతుకులు వేశాను, ఎందుకో చెప్పి నిన్ను ఏడిపించను. అది పరిచి చూపిస్తే ఆయన, "ఒంటి కొలత కన్నా తక్కువకే కోస్తానండీ. రబ్బరు సాగి పట్టుకోవాలి, అప్పుడే చలి ఆపుతుంది" అన్నాడు. "బాబూ, మా వదిన గుండెల నిండా గాలి పీల్చుకుని దిగే మనిషి. అక్కడ వదులు లేకపోతే గాలి ఎక్కడ పెట్టుకుంటుంది?" అన్నాను. "రబ్బరు సాగుతుందమ్మా" అంటాడు. "పాతికేళ్ళుగా మనుషులకి బట్టలు కోస్తున్నాను నేను" అన్నాను. చివరికి నా నోటికి జడిసి ఒప్పుకున్నాడు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నువ్వు అంటావు. అను.

"కొలతలు ఇప్పటివేనా?" అని కూడా అడిగాడు. మా వదిన కొలత నిద్రలో లేపి అడిగినా చెబుతానన్నాను.

రెండు వారాల్లో పంపుతాను. కాళ్ళకి ఒకటి, తలకి టోపీ అతికిన కోటు ఒకటి, రెండు భాగాలు. ఏ జన్మలో ఏ తిమింగలానికి బాకీ ఉన్నావో!

నీ
కత్తెర

సెప్టెంబరు 2

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి ఆశీస్సులు.

సూటు అందింది. చాలా బాగుంది. కుట్టు నున్నగా ఉంది. నీకు ఎంతో శ్రమ ఇచ్చాను. థాంక్స్.

దీన్ని తొడుక్కోవడం పెద్ద తతంగం. లోపలి రబ్బరు చర్మాన్ని పట్టుకుంటుంది కాబట్టి గోరువెచ్చటి సబ్బునీళ్ళు పోసుకుని అందులోకి జారాలి. మొదటిరోజు స్నానాల గదిలో చేతులు పైకెత్తి ఇరుక్కుపోయాను. మీ అన్నయ్య ఒకవైపు లాగుతున్నాడు, నేను అరుస్తున్నాను, పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. ఆయన సబ్బు నురగతో తలుపు తీసి, "ఏం లేదండీ, సూటు" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ నన్ను జాలిగా చూస్తుంది.

ఈ ఏడాదికి డైవింగు చాలిద్దామని అనుకుంటున్నాను. వయసు కూడా చూసుకోవాలి కదా. డిస్పెన్సరీలో పని ఎక్కువగా ఉంది, కొత్త మందులు వచ్చాయి, అన్నీ సర్దాలి. సూటు దాచి ఉంచుతాను.

పిల్లలకి ఆశీస్సులు.

మీ వదిన

(కవరు వెనక, వేరే చేతిరాతలో)
కవరు అంటించేది నేనే కాబట్టి రాస్తున్నాను. మీ వదిన ఒడ్డుకి వచ్చాక గంటసేపు వణుకుతోంది. అడిగితే గాలి అంటుంది. రాత్రి భోజనం సగంలో వదిలేస్తోంది. నేను రాశానని చెప్పకు. అన్నయ్య.

సెప్టెంబరు 9

వదినా,

అన్నయ్య రాశాడని చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పడం లేదు. నువ్వు వణుకుతున్నావట, అన్నం తినడం లేదట.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అట! ‘థాంక్స్’ అట! ఇన్నేళ్ళలో నాకు నువ్వు ఒక్కసారి థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. నా పెళ్ళికి చీకటితో లేచి నా జడ వేసి, "కదలకు, కోతీ" అన్నదానివి. ఆ నోటితో థాంక్సంటే నేను నమ్మాలా?

నిన్న పనిలో రెండు కాలర్లు తప్పు కోశాను. సూపర్‌వైజరు నావైపు వింతగా చూసింది. నా చేతిలో అలాంటిది జరగదని ఆవిడకీ తెలుసు.

నాకు రెండే తోస్తున్నాయి. ఒకటి, సూటు బాగాలేదు, చెప్పడానికి మొహమాటపడుతున్నావు. అది నేను నమ్మను. ఆ కొలతకి అంత కన్నా బాగా ఎవరూ చెయ్యలేరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సూటు మీద పెట్టకు. రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఆ జబ్బు మళ్ళీ వచ్చిందా? పరీక్షకి వెళ్ళావా? వెళ్ళి ఏదైనా తెలిసి మా దగ్గర దాస్తున్నావా? నాకు చాలా భయంగా ఉంది వదినా. నిజం రాయి. అందంగా రాయొద్దు, నిజం రాయి.

నీ మరదలు

సెప్టెంబరు 15

అమ్మడూ,

ముందుగా, జబ్బు రాలేదు. జులైలోనే పరీక్ష అయింది, అంతా శుభ్రంగా ఉందన్నారు. నిన్ను ఇంత భయపెట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. రెండు పూటలా తింటున్నాను. మీ అన్నయ్యని కవరు అంటించే ఉద్యోగంలోంచి తీసేశాను.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. సూటు బాగాలేదు.

నడుము దగ్గరా కాళ్ళ దగ్గరా పట్టుకుంది. గుండె దగ్గర వదులు. కుడి వైపు కాస్త, ఎడమ వైపు చాలా. ఆపరేషన్లో తీసేశాక అక్కడ నింపడానికి నాకేమీ లేదు కదా. తలకిందులుగా దిగగానే గడ్డం కింద నుంచి నీళ్ళు దూరి ఆ ఖాళీలో చేరి కూర్చుంటాయి. మంచుగడ్డ పెట్టుకున్నట్టే ఉంటుంది. అయిదు మీటర్లకే పళ్ళు టకటకలాడి పైకి వచ్చేసేదాన్ని.

అప్పుడు ఒక తెలివితక్కువ పని చేశాను. రోజూ చొక్కా లోపల పెట్టుకునే స్పాంజి దిండు ఉంది కదా, అది ఆ ఖాళీలో కూరి దిగాను. రెండోసారి దిగేసరికి అది నీళ్ళు పీల్చి, బరువెక్కి, జారి పొట్ట మీదికి వచ్చింది. పైకి వచ్చాక కోచ్ అమ్మాయి నా పొట్ట చూసి హడలిపోయింది. "ఆంటీ, ఏమైంది, ఏం తగిలింది?" అని తడుముతోంది. ఆ పిల్ల మొహం చూస్తే ముందు నవ్వొచ్చింది. తరవాత పడవలో అందరి ముందూ ఏడుపొచ్చింది. గాలికి కళ్ళు మండుతున్నాయని చెప్పాను. ఆ రోజు నుంచి వెళ్ళడం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆపరేషన్ అయ్యాక నువ్వు నన్ను ఒక్కసారీ కొలవలేదు. పండక్కీ పెళ్ళికీ బట్టలు కుట్టావు, అన్నీ పాత ఆది పెట్టే. నేను నీ గదిలోకి వస్తే టేపు తీసి సొరుగులో వేసేదానివి. చూడటం నీకు ఇష్టం లేదని అనుకున్నాను. తప్పు పట్టను. నాకే అద్దం ముందు నిలబడటానికి ఏడాది పట్టింది. కొలతలు నీ దగ్గర ఉన్నవే అని రాసింది నేనే గాని, ఈసారైనా అడుగుతావనుకున్నాను. ఇప్పుడు సూటు కూడా ఆ పాత మనిషికే కుట్టించి పంపావు. ఆవిడ ఇక్కడ లేదు అమ్మడూ.

కోపం లేదు. రాయమన్నావు కాబట్టి రాశాను.

వదిన

సెప్టెంబరు 20

వదినా,

నీకు కోపం లేదు గాని నాకుంది. కూర్చుని చదువు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మంచం అంచున కూర్చుని నువ్వేమన్నావో గుర్తుందా? నేను టేపు మెడలో వేసుకునే వచ్చాను. మెత్తటి బట్ట తెచ్చాను, వదులు చొక్కాలు కుడదామని. నువ్వు టేపు వంక చూసి, "పాత కొలతే ఉంచు. ఎక్కడా ఏమీ మార్చకు. మిగతాది నేను సర్దుకుంటాను" అన్నావు. నేను సరేనన్నాను. ఆ రోజు నుంచి నువ్వు వస్తే టేపు దాచేశాను, కనపడితే నీకు కష్టమని. మందుల మత్తు దిగని మనిషివి, అన్నది మరిచిపోయావు. మరిచిపోతే మరిచిపోయావు, నాకు చూడటం ఇష్టం లేదని నీ అంతట నువ్వే తీర్పు రాసేసుకుంటావా? నిన్ను చూడటం ఇష్టం లేనిది ఎవరికి? నాకా? నువ్వు బాధపడతావని నేను అడగలేదు, నేను అడగలేదని నువ్వు బాధపడ్డావు. నాలుగేళ్ళు. ఇద్దరికీ బుద్ధి లేదు. దేవుడు భలే జత కలిపాడు.

ఈ పేరా రాసే ముందు ఏడ్చాను. ఇప్పుడు తేలిక పడ్డాను. ఇక పని మాట.

రబ్బరాయన దగ్గరకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఏ మాత్రం కంగారు పడలేదు. "ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా. రెండు వైపులూ విడివిడిగా కొలిచి తెండి, విడివిడిగా కోస్తాను" అన్నాడు. వదులు విషయంలో ఆయన మాటే నిజమని ఒప్పుకున్నాను. పాపం, ఆ సంగతి అంతటితో వదిలేశాడు.

కొలవడానికి అన్నయ్య చేతికి టేపు ఇవ్వకు. ఆయన ఓడరేవులో లారీలు తూచే మనిషి, నిన్నూ టన్నుల్లో రాస్తాడు. నేనే వస్తాను. ఫ్యాక్టరీలో సెలవు అడిగాను, ఇచ్చారు. కాని నువ్వు రమ్మంటేనే వస్తాను. ఈసారి ఊహించుకోను, అడుగుతున్నాను. నిన్ను కొలవనా?

కత్తెర

సెప్టెంబరు 25

రా. మంచి టేపు తెచ్చుకో, ఇక్కడ దొరికేవి సాగుతాయి.

వదిన

అక్టోబరు 11

వదినా,

క్షేమంగా చేరి వారమైంది, రబ్బరాయన వెంటపడి సూటు చేయించే పనిలో ఇప్పుడు రాస్తున్నాను. బస్సులో పక్కావిడ దారి పొడుగునా తన అల్లుడి గురించి చెప్పింది. ఆ అల్లుడు నా కళ్ళబడితే ఊరుకోను.

సూటు ఇవాళ పార్సిల్ చేశాను. నీ చేతికి అందేలోపు నాలుగు మాటలు చెప్పాలని ఇది.

నీ గదిలో కిటికీ పక్కన నువ్వు చొక్కా విప్పి నిలబడినప్పుడు నేను టేపు చేతిలోనే పట్టుకుని ఆగాను. నువ్వు చూశావు. చూడలేక ఆగానని మళ్ళీ ఎక్కడ అనుకుంటావో, అందుకే రాస్తున్నాను. నొప్పి పెడతానేమోనని భయం. టేపు చివర ఇత్తడి ముక్క చల్లగా ఉంటుంది కదా, దాన్ని అరచేతిలో కాసేపు వెచ్చబెట్టుకున్నాను. మెడ గుంట నుంచి నడుము దాకా కుడి వైపు ఒక కొలత. ఎడమ వైపు అదే దారిలో ఇంకొకటి. రెండు అంకెలు వేరువేరు. అంతే వదినా. నాలుగేళ్ళు భయపడింది ఆ రెండు అంకెలకి. తలుపు అవతల అన్నయ్య దగ్గుతూ, "అయిందా, టీ చల్లారిపోతోంది" అంటుంటే నువ్వు నవ్వావు, టేపు కదిలిపోయి మళ్ళీ కొలవాల్సి వచ్చింది.

నేను ఎప్పుడూ కాగితం మడత పెట్టి సగం మనిషినే గీస్తాను. విప్పితే రెండో సగం దానంతటదే వస్తుంది. మా పనిలో అందరూ అంతే చేస్తారు. ఈసారి మడత లేకుండా పెద్ద కాగితం నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, నిన్ను మొత్తం గీశాను. నడుం పట్టేసింది. కాని ఇంత బాగా వచ్చిన ఆది నా చేతిలో ఇంకోటి లేదు.

కుట్టు గీత మచ్చ మీదికి రాకుండా చంక వెనక్కి జరిపించాను. ఎడమ చెయ్యి సాయంత్రానికి కాస్త వాస్తుంది కాబట్టి పొద్దుటి కొలత కాదు, సాయంత్రం కొలతకే ఆ చెయ్యి కోయించాను. గుండె దగ్గర వదులు ఎక్కడా లేదు.

వేసుకోగానే బిగుతుగా ఉందని తిట్టకు. నేల మీద అలాగే ఉంటుంది, నీళ్ళలో సర్దుకుంటుంది. నిండా ఊపిరి పీల్చు. నొప్పి లేకుండా పీల్చగలిగితే చాలు. చేతులు రెండూ పైకెత్తు. నడుము వెనకా చంకల కిందా వేలితో నొక్కి చూడు, లోపల గాలి బుడగలా ఏమీ తగలకూడదు. గొంతు నొక్కితే మాత్రం ఊరుకోకుండా వెనక్కి పంపు. గోళ్ళు కత్తిరించుకో, లోపలి రబ్బరు చిరుగుతుంది. నీ గోళ్ళ సంగతి నాకు తెలుసు.

పళ్ళెం ముట్టుకున్నా ముట్టుకోకపోయినా నాకొకటే. వెచ్చగా ఉండు.

నీ
మరదలు

అక్టోబరు 29

కత్తెరమ్మకు,

నిన్న తాడు తీసేశారు. మొన్న చివరి రోజు, ఆ రోజే దిగాను.

సూటు గురించి ముందు చెబుతాను, నీ ప్రాణం అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. తొడుక్కోగానే నిన్ను తిట్టాను. రెండు తిట్లు, చిన్నవే. తరవాత నువ్వు చెప్పినట్టు చేతులు ఎత్తాను, ఊపిరి పీల్చాను, వెనక నొక్కి చూశాను. ఎక్కడా గాలి లేదు. కోచ్ అమ్మాయి చుట్టూ తిరిగి చూసి, ఎడమ వైపు కోసిన తీరు వేలితో తడిమి, "ఇది ఎవరు చేశారు ఆంటీ?" అంది. "మా ఆడపడుచు" అన్నాను. రబ్బరాయన పేరు మింగేశాను, ఆయనకి చెప్పకు.

మొదటిసారి పదమూడు దగ్గర చెవులు నొప్పెట్టి తిరిగి వచ్చేశాను. చలి వల్ల కాదు. పైన తేలుతూ వెల్లకిలా పడుకుని, నీళ్ళు ఎప్పుడు దూరతాయా అని ఎదురుచూశాను. దూరలేదు. ఎడమ వైపూ కుడి వైపూ ఒకేలా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఎంత హాయిగా ఉందో రాయడం నాకు చేతకాదు. రెండోసారి తొందరపడకుండా దిగాను. తాడు నా ముక్కు ముందు నుంచి నెమ్మదిగా పైకి పోతోంది. నీళ్ళు ముదురు నీలమయ్యాయి. ఏ చప్పుడూ లేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. చెయ్యి చాపితే పళ్ళెం తగిలింది. ఎడమ చెయ్యే చాపాను. అది అంత పొడుగు సాగుతుందని నేను కూడా అనుకోలేదు.

మీ అన్నయ్య ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడి, నేను బయటికి రాగానే, "అయిపోయిందా? ఇంటికి పోదామా?" అన్నాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అడిగితే గాలి అన్నాడు.

అసలు సంగతి ఆ తరవాత జరిగింది. ఇన్నాళ్ళూ నేను బట్టలు మార్చుకోవడానికి టాయిలెట్లోకి పోయి గడియ పెట్టుకునేదాన్ని. ఆ వదులు సూటు అయితే అలవాటయ్యాక ఒక్కదాన్నే విప్పుకోగలిగేదాన్ని. ఇది అలా రాదు. ఇంకొకరు తల మీదుగా లాగాల్సిందే. నువ్వు ఒంటికి అంత చక్కగా అతికించావు. గడియ పెట్టుకుని కాసేపు నాలో నేనే పెనుగులాడి, చివరికి ఆడవాళ్ళ గదిలోకి వచ్చి కోచ్ అమ్మాయిని పిలిచాను. అక్కడ అయిదారుగురు ఉన్నారు. "చేతులు పైకెత్తండి ఆంటీ" అని ఒక్క లాగు లాగింది. తల బయటికి వచ్చేసరికి అందరి మధ్యా నిలబడి ఉన్నాను, మచ్చతో సహా, పైన నూలు పోగు లేకుండా. చేతులు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. పక్కన జుట్టు తుడుచుకుంటున్న ఒకావిడ నా వంక చూసింది. చూసి, తన పొడి తువ్వాలు నాకు అందించి, "ఎంత లోతు వెళ్ళారు?" అని అడిగింది.

"పదహారు" అన్నాను.

"అబ్బ! నేను పన్నెండు దాటలేకపోతున్నాను, చెవులు ఎలా సర్దుకున్నారు?" అంది. తువ్వాలు భుజాన వేసుకుని, అలాగే నిలబడి, ఆవిడకి ముక్కు పట్టుకుని గాలి ఊదడం చూపించాను. ఎంతసేపు మాట్లాడామో తెలియదు. ఇంటికి వచ్చి స్నానం చేశాక గుర్తొచ్చింది, నేను బట్టలు వేసుకోకుండానే అంతసేపూ మాట్లాడానని.

నా చొక్కాలన్నీ మూట కట్టి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. డిస్పెన్సరీ తెల్లకోటు కూడా అందులోనే ఉంది. నువ్వు నేల మీద గీసిన కాగితం ప్రకారం అన్నీ సరిచెయ్యి. తొందరేం లేదు, నీ గార్డుల పని అయ్యాకే చూడు. కోటు మాత్రం ముందు పంపించు. అది అందిన రోజు నుంచి దాన్నే వేసుకుని, లోపల స్పాంజి దిండు లేకుండా కౌంటర్లో నిలబడదామనుకుంటున్నాను.

నీ
వదిన